పీకే దువ్వెన, విడదీసే దువ్వెన

మీది రింగుల జుట్టా? అయితే ఈ మాటలు చిన్నప్పటి నుంచీ మీ చెవిన పడుతూనే ఉండి ఉంటాయి. "ఇదేం జుట్టే తల్లీ, దువ్వెనే దిగడం లేదు!" "అమ్మా, నొప్పి!" "కదలకే, కదిలితే ఇంకా నొప్పి." దువ్వెన ఇరుక్కున్న ప్రతిసారీ నేరం జుట్టు మీదే పడుతుంది. దువ్వెనను ఎవరూ నిలదీయరు. దాని పళ్ళ మధ్య ఎంత ఎడం ఉంది, పళ్ళ అంచులు నునుపుగా ఉన్నాయా, అసలు ఎలాంటి జుట్టు కోసం దాన్ని చేశారు అని ఒక్కసారైనా పరికించి చూశారా? ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. చిక్కు ఎదురైనచోట ఆగి, ఆ సంగతి మీ చేతికి తెలిసేలా చేసేదే మంచి సాధనం. ఆగకుండా లాక్కుపోయేది ఎంత ఖరీదైనదైనా, ఎంత అందంగా ఉన్నా రింగుల జుట్టుకు పనికిరాదు. దువ్వెన అయినా బ్రష్షు అయినా కొనేముందు ఈ ఒక్క గుణం కోసం వెతకండి. మిగతావన్నీ దీని తర్వాతే.

దీనికి రుజువేమిటంటారా? వెంట్రుక తెగితే డబ్బు నష్టపోయేవాళ్ళు చిక్కు ఎలా తీస్తారో చూడండి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండచుట్టి దాచి, వీధిలోకి వచ్చే బేరగాడికి ఇచ్చి స్టీలు గిన్నో గరిటో తీసుకోవడం మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళకు అలవాటే. ఆ ఉండలు చేతులు మారి మారి చివరికి చిక్కు విడదీసే పని జరిగే చోట్లకు చేరతాయి. కర్ణాటకలో కొప్పళ ప్రాంతం, పశ్చిమ బెంగాల్లో మేదినీపూర్, ముర్షిదాబాద్ జిల్లాలు, దేశం దాటితే మయన్మార్ ఈ పనికి పేరుపడ్డాయి. మానవశాస్త్రవేత్త ఎమ్మా టార్లో వెంట్రుకల వ్యాపారం మీద 2016లో వెలువరించిన పుస్తకంలో ఈ పని గురించి వివరంగా రాశారు. ఆ వ్యాపారంలో ధర పొడవును బట్టి పలుకుతుంది. పొడవాటి వెంట్రుక మధ్యలో తెగిందంటే దాని ధర అక్కడికక్కడే పడిపోతుంది. అందుకే అక్కడి పనివాళ్ళు ముందు దువ్వెన పట్టరు. చేతివేళ్ళతో, సూదితో ఓపిగ్గా విడదీస్తూ కూర్చుంటారు. ఉక్కు పళ్ళు గుచ్చిన పలక మీద వెంట్రుకల కట్టను లాగేది ఆ తర్వాతే, అప్పటికి చిక్కు చాలావరకు విడిపోయి ఉంటుంది. రాలిపోయిన వెంట్రుకల విషయంలోనే ఇంత జాగ్రత్త పడుతుంటే, తలమీద ఉన్నవాటిని మనం పొద్దున్నే తొందరలో పరపరా లాగడం సబబేనా?

ఇప్పుడు కలకత్తాకు, హుగ్లీ ఒడ్డునున్న మెటియాబ్రుజ్‌కు వెళదాం. అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా 1856లో రాజ్యం పోగొట్టుకుని వచ్చి, 1887లో కన్నుమూసేదాకా ఉన్నచోటు అది. లక్నో నుంచి ఆయన వెంట వచ్చినవాళ్ళలో దర్జీలు కూడా ఉన్నారు. ఈనాడు మెటియాబ్రుజ్ అంటే రెడీమేడ్ బట్టలు, ముఖ్యంగా పిల్లల బట్టలు. ఓస్తాగర్లు అని పిలిచే మేస్త్రీలు పని పంచుతారు, ఇళ్ళలో కుడతారు, వారాంతపు సంతలో సరుకు అమ్ముడుపోతుంది. పక్కనే గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది కాబట్టి, బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి వాల్తేరు దాకా ఉన్న మన రైల్వే కుటుంబాలకు ఆ పేరు కొత్త కాదు. దువ్వెనల గురించి చెబుతూ ఇక్కడికెందుకు వచ్చామంటే, రింగుల జుట్టుకు వచ్చే కష్టాలన్నీ అక్కడ ఒక్కచోటే కనిపిస్తాయి. నదిగాలితో ఏడాదిలో ఎక్కువ నెలలు తేమ, ఉక్క. రోజంతా తలమీద ముసుగో స్కార్ఫో ఉండటం వల్ల మెడ వెనుక రాపిడి. కుట్టుపని చేసే ఇంట్లో గాలిలో తేలే దారపు నూగు వచ్చి రింగుల్లో కూర్చుంటుంది. వీటన్నిటికీ తోడు, ముక్కకింత అని లెక్కగట్టి కుట్టే ఇల్లాలికి కూతురి జడ కోసం అరగంట దొరకడం కష్టం. ఇలాంటి ఇంట్లో పనిచేసే సలహా విజయవాడలోనైనా, విశాఖలోనైనా, డల్లాస్‌లోనైనా పనిచేస్తుంది. పైగా దువ్వెనను పరీక్షించే అతి చౌకైన పరికరం మెటియాబ్రుజ్ ఇళ్ళలో కుప్పలుగా పడి ఉంటుంది. దాని సంగతి కాస్సేపట్లో.

ముందు, రింగుల జుట్టుకే ఈ చిక్కులన్నీ ఎందుకో రెండు మాటల్లో చూద్దాం. సాఫీగా ఉండే వెంట్రుకను అడ్డంగా కోస్తే దాదాపు గుండ్రంగా కనబడుతుంది. రింగులు తిరిగే వెంట్రుక కోలగా ఉంటుంది. వెంట్రుక పైన పల్చటి పొలుసులు మొదలు నుంచి కొస వైపుకు ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వంపు తిరిగిన ప్రతిచోటా ఆ పొలుసుల మీద ఒత్తిడి ఎక్కువ, అందుకే లాగితే ముందు తెగేది అక్కడే. తల చర్మంలో ఊరే నూనె సాఫీ జుట్టు మీద కిందిదాకా జారుతుంది, మలుపుల మీద జారలేదు. కాబట్టి కొసలు పొడిబారతాయి, పొడిబారిన కొసలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒక రింగు పక్క రింగులో దూరి ముడిపడుతుంది. జుట్టు చేసిన తప్పేమీ లేదు, దాని ఆకారమే అంత. ఆ ఆకారం తెలిసిన సాధనాన్ని ఎంచుకోవడం మన వంతు.

1. మొదటి సాధనం మీ చేతికే ఉంది

కొనే వస్తువుల దగ్గరకు పోకముందే వేళ్ళను లెక్కలోకి తీసుకోండి. వేలికి స్పర్శ ఉంది, దువ్వెనకు లేదు. ముడి ఎక్కడ మొదలైంది, ఎటు లాగితే బిగుస్తుంది, ఎటు వదిలితే వీడుతుంది అనేది వేలికొసకు తెలిసిపోతుంది. జుట్టును నాలుగు పాయలు చేసి, ఒక్కో పాయలో చిక్కును రెండు చేతులతో పక్కలకు విడదీయండి. చాలామంది చేసే పొరపాటు కిందికి లాగడం. కిందికి లాగితే ముడి బిగుస్తుంది, పక్కలకు తెరిస్తే వదులవుతుంది. ఊడి రింగుల్లో ఇరుక్కుపోయిన వెంట్రుకలు ఈ దశలోనే సగానికి పైగా చేతికి వచ్చేస్తాయి. గోళ్ళు విరిగి గరుకుగా ఉంటే ముందు వాటిని నునుపు చేసుకోండి, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. వేళ్ళతోనే సరిపోతుందా అంటే, వదులు రింగులున్నవాళ్ళకు చాలా రోజులు సరిపోతుంది కూడా. బాగా బిగువైన రింగులకు తర్వాత దువ్వెన కావాలి. అయితే వేళ్ళు సగం పని చేసిపెట్టాక వచ్చే దువ్వెనకు బలం చూపాల్సిన అవసరమే ఉండదు.

2. కొనేముందు గుడ్డముక్క పరీక్ష

దర్జీని అడిగి చూడండి. జార్జెట్‌కు సన్న సూది, జీన్స్‌కు లావు సూది వాడతాడు. సూది మొన పిసరంత దెబ్బతిన్నా సరే, జార్జెట్ మీద పోగు లేస్తుంది, గుడ్డ పాడవుతుంది. అప్పుడు ఆయన గుడ్డను తిట్టడు, సూది మారుస్తాడు. దువ్వెన విషయంలో మనం చేయాల్సిందీ అదే. చవక ప్లాస్టిక్ దువ్వెనలను రెండు సగాల అచ్చులో పోస్తారు. ఆ రెండు సగాలు కలిసేచోట ప్రతి పన్ను పొడవునా సన్నటి గీతలా ఉబ్బెత్తు మిగిలిపోతుంది. కంటికి అంతగా ఆనదు. గోరు అడ్డంగా పెట్టి పన్ను మీద గీస్తే టక్కున తగులుతుంది. దువ్విన ప్రతిసారీ ఆ అంచు వెంట్రుక పైపొలుసులను గీరుతూ పోతుంది. ఒక్కసారికి ఏమీ కాదు. నెలల తరబడి రోజూ గీరుతుంటే పొలుసులు లేస్తాయి, లేచిన పొలుసులు పక్క వెంట్రుకలను పట్టుకుంటాయి, చిక్కు ఇంకా పెరుగుతుంది. చిక్కు ఎక్కువైందని ఇంకాస్త గట్టిగా దువ్వుతాం, దాంతో మరిన్ని పొలుసులు లేస్తాయి.

ఆ గరుకు అంచును కనిపెట్టడానికే మెటియాబ్రుజ్ ఇళ్ళలో కుప్పలు పడి ఉండే ఆ గుడ్డముక్కలు. ఫ్రాక్ కుట్టగా మిగిలిన జార్జెట్ పీలికో, శాటిన్ పీలికో ఒకటి చాలు. మీ ఊళ్ళో ఏ దర్జీ కొట్టు ముందైనా దొరుకుతుంది. పీలికను బిగించి పట్టుకుని, దువ్వెన పళ్ళ అంచులను, మొనలను దానిమీద మెల్లగా అటూ ఇటూ జరపండి. జారిపోయిందా, మంచిది. ఎక్కడైనా పట్టుకుని పోగు లేచిందా, ఆ దువ్వెన మీ తలకు వద్దు. ప్రతి పన్నునూ చూడండి, ఎందుకంటే ఒక్క గరుకు పన్ను చాలు. పళ్ళు మొదలయ్యే మూలలో కూడా జరపండి, వెంట్రుక ఇరుక్కుని తెగేది ఎక్కువగా అక్కడే. గరుకుగా ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది సరిచేసుకుందామనుకోవద్దు, కొత్త గీతలు పడతాయి. అచ్చు పోయకుండా, పలకలోంచి రంపంతో పళ్ళు కోసి మెరుగుపెట్టిన దువ్వెనలు కూడా దొరుకుతాయి. వాటికి ఈ గీత ఉండదు, ధర కాస్త ఎక్కువ. కొనగలిగితే మంచిదే. అయినా వాటికీ ఇదే పరీక్ష పెట్టండి.

చెక్క మంచిదా, కొమ్ము మంచిదా, ప్లాస్టికా అని అడిగేవాళ్ళు చాలామంది. ఈ ప్రశ్నకు అంత ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదని నా అభిప్రాయం. చెక్క, కొమ్ము దువ్వెనలతో చలికాలంలో జుట్టు చిటపటలాడుతూ పైకి లేవడం తగ్గుతుంది. కానీ తేమ నిండిన కలకత్తాలోనో కాకినాడలోనో ఆ బాధ ఏడాదికి ఎన్నాళ్ళుంటుంది? చెక్కను నీళ్ళలో నానబెడితే దాని నారలు లేచి గరుకెక్కుతుంది. కాబట్టి అది నూనె పెట్టిన జుట్టుకు బాగుంటుంది, తలంటు తర్వాత వద్దు. కొమ్ముపనికి పేరున్న ఊరు మన సరిహద్దులోనే ఉంది, శ్రీకాకుళం పక్కన పర్లాకిమిడి. కొమ్ము, వెంట్రుక రెండూ కెరటిన్‌తో తయారైనవే, అందువల్ల కొమ్ము దువ్వెన జుట్టుమీద హాయిగా నడుస్తుంది. కానీ తడి తగులుతూ ఉంటే దాని పొరలు విడతాయి, విడిన పొర అంచు కత్తిలా పనిచేస్తుంది. వేప దువ్వెన తలకు వైద్యం చేస్తుందని నమ్మి కొనకండి, నునుపు చూసి కొనండి. దేనితో చేశారు అన్నది తర్వాత, ఎంత నునుపుగా చేశారు అన్నది ముందు.

3. ఎడం, పొడవు, మొన

పళ్ళ మధ్య ఎడం అర సెంటీమీటరుకు తగ్గకుండా చూసుకోండి. బిగువు రింగులకు ఇంకా ఎక్కువున్నా మంచిదే. ఎడం ఎక్కువుంటే దువ్వెన ఒకేసారి అన్ని ముడులనూ పట్టుకోదు, ఒకటో రెండో పట్టుకుంటుంది, మీకు విడదీసే వీలు దొరుకుతుంది. పన్ను పొడవు మీ చేతిలోని పాయ మందాన్ని దాటి అవతలికి రావాలి. పొట్టి పళ్ళయితే పైపైన దువ్వినట్టు కనిపిస్తుంది, లోపల చిక్కు అలాగే ఉండి సాయంత్రానికి గడ్డకట్టి బయటపడుతుంది. మొనలు గుండ్రంగా ఉండాలి. పట్టుకునే పిడి ఉంటే ఇంకా మేలు, తడిచేతిలో జారదు.

4. బ్రష్షు కొనాలా వద్దా

చాలా కాలంగా బ్రష్షుల తయారీదార్లు సాఫీ జుట్టునే దృష్టిలో పెట్టుకున్నారు. దట్టమైన కుచ్చు బ్రష్షు నూనెను పైనుంచి కిందికి పరచడానికి, పైజుట్టును అణచడానికి చేసింది. దానితో రింగుల చిక్కు తీయబోతే రింగు విడిపోయి పొగలా లేస్తుంది, చిక్కు మాత్రం పోదు. అయినా బ్రష్షులన్నీ పనికిరావని తోసెయ్యడం కూడా సరికాదు. న్యూయార్క్‌కు చెందిన నల్లజాతి మహిళ లైడా న్యూమన్ 1898లోనే, విప్పి శుభ్రం చేసుకోవడానికి వీలున్న బ్రష్షుకు అమెరికాలో పేటెంటు పొందారు. బ్రిటన్‌లో 1938లో మొదలైన డెన్‌మన్ బ్రష్షుకు రబ్బరు దిండులో గుచ్చిన వరసల పళ్ళుంటాయి. కొన్ని వరసలు తీసేసి ఎడం పెంచుకుని రింగుల జుట్టువాళ్ళు దాన్ని వాడుకుంటున్నారు. షాన్ పల్ఫ్రీ అనే బ్రిటిష్ కేశాలంకరణ నిపుణుడు పొట్టీ పొడుగూ కలిపిన, వంగే పళ్ళతో టాంగిల్ టీజర్ తయారుచేసి 2007లో ఒక టీవీ కార్యక్రమంలో పెట్టుబడి అడిగితే ఎవరూ ఇవ్వలేదు. తర్వాత అది ప్రపంచమంతా అమ్ముడుపోయింది. వీటన్నిటిలో మనం గమనించాల్సిన సంగతి ఒకటే, ముడి తగిలినప్పుడు పన్ను వంగుతుందా లేదా. కొట్లో ఒక పన్నును వేలితో పక్కకు నొక్కి చూడండి. సులువుగా వంగి, వదలగానే తిరిగి నిలబడితే అది చిక్కుకు చోటిస్తుంది. కర్రలా నిలబడితే వంగాల్సింది మీ వెంట్రుకే. పళ్ళ కొసన చిన్న గుండ్లున్న బ్రష్షు చూడటానికి మెత్తగా అనిపిస్తుంది. కానీ ఆ గుండు మెడ దగ్గర వెంట్రుక ఇరుక్కుంటుంది. కొన్నాళ్ళకు ఒకటీ రెండూ గుండ్లు ఊడిపోయి కింది లోహపు మొన బయటపడుతుంది. రింగుల జుట్టుకు అలాంటివి వద్దనే చెబుతాను.

5. "తడిజుట్టు దువ్వకూడదంటారు కదా?"

ఇది సరైన సందేహమే, పూర్తిగా తప్పు మాట కాదు. నీళ్ళలో వెంట్రుక ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ సాగుతుంది, బలం తగ్గుతుంది. సాఫీ జుట్టువాళ్ళు కాస్త ఆరాక దువ్వుకోవడం మంచిదని అమెరికాలోని చర్మవైద్యుల అకాడమీ కూడా చెబుతుంది. అదే అకాడమీ బిగువు రింగులవాళ్ళకు మాత్రం చెమ్మగా ఉండగానే ఎడం పళ్ళ దువ్వెనతో దువ్వుకోమంటుంది. ఒకే నోటితో రెండు మాటలా? కాదు. పొడిగా ఉన్నప్పుడు రింగులు బిగుసుకుని ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి, దువ్వాలంటే చాలా బలం కావాలి. తడిలో రింగు సాగి వదులవుతుంది, కావలసిన బలం తగ్గిపోతుంది. వెంట్రుక కొంత బలహీనపడినా లాగే బలం అంతకంటే ఎక్కువ తగ్గుతుంది కాబట్టి లెక్క మనకే కలిసివస్తుంది. అయితే ఒక షరతు ఉంది. వట్టి నీళ్ళు చాలవు, జారుడు కూడా కావాలి. తలంటుకున్నాక జుట్టును పిండి, కండిషనర్ పట్టించి, అది జుట్టులో ఉండగానే దువ్వి తర్వాత కడగండి. ఒక శాషేతో పని జరిగిపోతుంది. కండిషనర్ వాడనివాళ్ళు మందారాకు రుబ్బిన జిగురు వాడుకోవచ్చు. దానికీ జారే గుణం ఉంది, కాకపోతే ఆకు ముక్కలు మిగలకుండా వడకట్టాలి, లేకపోతే అవే రింగుల్లో కొత్త చిక్కుకు కారణమవుతాయి. నీళ్ళు కారుతున్న జుట్టును తువ్వాలుతో రుద్దకండి. పాత నూలు బనియనుతోనో చీర ముక్కతోనో అద్దుకోండి చాలు.

కొబ్బరినూనె సంగతేమిటి? 2003లో కాస్మెటిక్ సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. వెంట్రుక నుంచి పోయే ప్రొటీనును తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే అని తేలింది. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళే అన్నది కూడా తెలిసి ఉండటం మంచిది. అయినా తలంటుకు ముందు నూనె పెట్టే మన అలవాటుకు అది ఆసరా ఇస్తుంది. కాబట్టి తలస్నానానికి ముందురోజు రాత్రి కొసలకు నూనె రాసి, వేళ్ళతో ఒకసారి విడదీసి, వదులుగా జడ వేసుకోండి. మర్నాటి పని తేలికవుతుంది.

6. కొసల నుంచి కుదుళ్ళకు

ఎంత మంచి సాధనమైనా కుదుళ్ళ నుంచి కిందికి లాగితే దారిలో ఉన్న చిన్న చిక్కులన్నీ పోగై కింద ఒక పెద్ద గడ్డ అవుతుంది. కొసన రెండంగుళాలు దువ్వండి. అది సాఫీ అయ్యాక ఇంకో రెండంగుళాలు పైనుంచి మొదలుపెట్టండి. దువ్వే చోటికి పైన పాయను ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంటే తలకు లాగుడు తెలియదు, పిల్లలు ఏడవరు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నొప్పి తెలియడం లేదు కదా అని చేతివేగం పెంచేస్తాం. తలకు నొప్పి లేనంత మాత్రాన వెంట్రుకకు దెబ్బ లేనట్టు కాదు. అందుకే చెవి పెట్టి వినండి. పాయ విడిపోతుంటే సర్రుమన్న మెత్తటి చప్పుడు వస్తుంది. వెంట్రుక తెగుతుంటే టిక్ టిక్ మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు రాగానే దువ్వెన ఆపి మళ్ళీ వేళ్ళకు పని చెప్పండి.

7. తీర్పు తెల్లగుడ్డ మీద

మీరు ఎంచుకున్న సాధనం సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? దువ్వేముందు ఒళ్ళో తెల్లటి గుడ్డ పరుచుకోండి. అయిపోయాక దానిమీద పడినవాటిని వెలుతురులో చూడండి. పొడవుగా ఉండి, ఒక కొసన చిన్న తెల్లటి బొడిపె ఉన్నవి కుదురు నుంచి తమంతట తాము ఊడినవి. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. రింగుల జుట్టులో అవి కిందపడక ఇరుక్కుపోతాయి. వారానికొకసారి చిక్కు తీసేవాళ్ళకు ఆ వారంలో ఊడినవన్నీ ఒక్కసారే చేతికి వస్తాయి. దోసెడు వెంట్రుకలు చూసి చాలామంది హడలిపోయి, దువ్వడమే మానేస్తారు. మానేస్తే ఊడిన వెంట్రుకలు ఉన్నవాటిని చుట్టుకుని జడలు కట్టేస్తాయి. మీరు కంగారు పడాల్సింది బొడిపె లేని పొట్టి ముక్కల గురించి. అవి తెగినవి. ప్రతిసారీ అవే ఎక్కువ కనబడుతుంటే మీ సాధనాన్నో, దువ్వే తీరునో మార్చాలి. ఒకేసారి రెండూ మార్చకండి. ముందు దువ్వెన మార్చి కొన్ని వారాలు చూడండి, ఏది తప్పో తేలిపోతుంది.

"మా అమ్మమ్మ సన్న పళ్ళ దువ్వెనతోనే దువ్వేది, ఆవిడ జడ మోకాళ్ళ దాకా ఉండేది" అనేవాళ్ళున్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ దువ్వెన ఎప్పుడు దిగేదో కూడా గుర్తు చేసుకోండి. ముందు తలనిండా నూనె, తర్వాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేళ్ళతో విడదీయడం, ఆ తర్వాత రెండువైపుల దువ్వెనలో ఎడం పళ్ళ వైపు. సన్న పళ్ళ వైపు వచ్చేది ఆఖరున, జడ పాయలు నున్నగా తీర్చడానికి. మనం ఆ క్రమంలో మొదటి మూడూ వదిలేసి నాలుగోది మాత్రం ఉంచుకున్నాం. అమ్మమ్మ పద్ధతి ఈ అధ్యాయానికి అడ్డుచెప్పడం లేదు, దీన్నే బలపరుస్తోంది. పేలదువ్వెన విషయంలోనూ అంతే. పేలు పడితే దాన్ని వాడక తప్పదు. అయితే జుట్టు తడిపి, కండిషనర్ దండిగా పట్టించి, ఎడం పళ్ళ దువ్వెనతో చిక్కంతా పోయాకే పేలదువ్వెన పెట్టండి. చిక్కు తీయడానికి మాత్రం దాన్ని ఎప్పుడూ వాడకండి.

"పొద్దున్నే ఏడింటికి బడి, ఇంత తతంగానికి టైమెక్కడిది?" అన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లికి ఇది మరీ నిజం. జవాబేమిటంటే, రోజూ పూర్తిగా చిక్కు తీయాల్సిన పనే లేదు. వారంలో ఒకటి రెండుసార్లు తలంటు రోజున పద్ధతిగా తీయండి. మిగతా రోజుల్లో నీళ్ళు చిలకరించి వేళ్ళతో సర్దుకోవడమే. చిక్కు పడకుండా చేసే పని రాత్రి చేసుకోవాలి. వదులుగా రెండు జడలు వేసి, శాటిన్ గలీబు మీద పడుకోబెట్టండి. నూలు గలీబు రాపిడికి రింగులు ముడిపడతాయి, శాటిన్ మీద జారిపోతాయి. లైనింగ్‌కు తెచ్చిన శాటిన్‌లో మిగిలిన ముక్కలు నాలుగు కలిపితే ఒక గలీబు తయారవుతుంది. మెటియాబ్రుజ్‌లో దానికి ఖర్చే లేదు. స్కార్ఫ్ కట్టుకునేవాళ్ళు లోపల శాటిన్ టోపీ కుట్టుకుంటే మెడ వెనుక పడే మొండి చిక్కు చాలావరకు తగ్గుతుంది. మిషను మీద పనిచేసేటప్పుడు జుట్టుకు గుడ్డ కట్టుకోండి, దారపు నూగు లోపలికి పోదు. పొద్దున్న అరగంట పట్టేది పది నిమిషాలకు దిగుతుంది.

8. ఏ సాధనానికీ లొంగని ముడి

కొన్నిసార్లు ఒక్క వెంట్రుక తనకు తానే ముడి వేసుకుంటుంది. కొసల్లో ఆవగింజకంటే చిన్నగా, వేలికి గరుకుగా తగులుతుంది. దాన్ని దువ్వెనతో దాటించబోతే పక్క వెంట్రుకలను కూడా లాగేసుకుంటుంది. సూదిమొన ఆ ముడిలో పెట్టి మెల్లగా కదిపి చూడండి, నూనె చుక్క వేస్తే కొన్ని వదులవుతాయి. రెండు మూడు ప్రయత్నాలకు వీడకపోతే ముడికి సరిగ్గా పైన కత్తిరించండి. చేత్తో తెంపకండి, తెగినచోట చీలిక పైదాకా పాకుతుంది. దారాలు కత్తిరించే కత్తెర ఇంట్లో ఉంది కదా అని అదే వాడకండి, నైలాను దారానికి దాని పదును పోయి ఉంటుంది. జుట్టుకు వేరే చిన్న కత్తెర ఉంచుకుని, దాన్ని గుడ్డకు గానీ కాగితానికి గానీ తాకించకండి. దువ్వెనకు ఒక పన్ను విరిగితే ఆ రోజే పారేయండి. వారానికొకసారి గోరువెచ్చని నీళ్ళలో షాంపూ చుక్క వేసి, పాత టూత్ బ్రష్షుతో పళ్ళ మూలలు కడిగి ఆరబెట్టండి, చెక్కదైతే తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇంత జాగ్రత్త పడుతున్నా నుదుటి అంచున జుట్టు వెనక్కు పోతున్నా, ఒకేచోట పలచబడుతున్నా కొత్త దువ్వెన కోసం బజారుకు పోకండి. బిగించి వేసే జడలు వదులు చేసి, చర్మవైద్యులకు చూపించండి.